ఎంగిలాకుల చామంతి తోట

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని తిరుపతి సత్రాల్లో వంటచేసేవాళ్ళందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళు గాడిపొయ్యి ముందర నిలబడినవాడికి కోపం రాక శాంతం వస్తుందా? ఆ కోపం వల్ల నేను ఎవరికీ పెద్దగా చెరుపు చేయలేదు. నా నోటి వల్ల మాత్రం ఒకసారి ఒక మంచి మనిషికి చేయకూడని చెరుపు చేశాను. ఆమె ఎవరో, అందులోంచి ఎలా బయటపడిందో నలుగురికీ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

ఆమె పేరు మునెమ్మ. నేను వంట చేసిన సత్రంలోనే ఎంగిలాకులు ఎత్తేది. చిత్తూరు వర్తకులు కట్టించిన సత్రం అది. లోపల చిన్న వేణుగోపాలస్వామి గుడి, దాని పక్కన వంటశాల, ముందర భోజనశాల. కొండకు పోయేవాళ్ళూ, దిగి వచ్చేవాళ్ళూ మధ్యాహ్నం నాలుగు పంక్తులు తినేవారు. ఒక పంక్తి లేవగానే మునెమ్మ ఆకులన్నీ చుట్టి గంపలోకి ఎత్తి, మెతుకులు ఊడ్చి, పేడనీళ్ళతో నేలంతా ఒక చేయి తుడిచేది. ఆ తడి ఆరేలోపే రెండో పంక్తి వచ్చి కూర్చునేది. అన్నం గంగాళం పక్కన నిలబడి నేను "ఇంకా ఎంతసేపు" అని అరుస్తూనే ఉండేవాణ్ణి. ఆమె తలెత్తేది కాదు, చేయి ఆపేది కాదు.

"అరిస్తే నేల ఆరదు దొరసామన్నా," అనేది. అంతే.

ఆ ఎంగిలాకులన్నీ సత్రం వెనక గుంతలోకి పోయేవి. అక్కడ కుక్కలు, కాకులు, ఈగలు. గాలి మా వైపు తిరిగితే నేను పెట్టిన తిరగమోత వాసన కూడా నాకు తెలిసేది కాదు. నెలకొకసారి బండి పిలిపించి ఆ చెత్త ఊరి బయట పోయించాలి. మా మేనేజరు జయరావు ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. బండి బాడుగ ఇవ్వాల్సి వచ్చిన రోజున అతని మొహం చూడకూడదు.

మునెమ్మకు అవిలాల దోవలో అరెకరా నేల ఉండేది. మొగుడు తిరుమలయ్య అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు మంచి మడులన్నీ పెద్దవాడు తీసుకొని, ఈయనకు ఒక రాళ్ళ గుట్ట, ఒక చిన్న బావి మిగిల్చాడు. గడ్డపార దించితే ఖంగుమనేది తప్ప దిగేది కాదు. వానొస్తే నీళ్ళు మీది నుంచే జారిపోయేవి. రెండేళ్ళు దాంతో పోట్లాడి తిరుమలయ్య కన్నుమూశాడు. పిల్లలు లేరు. నేలను తనకే వదిలేసి పుట్టింటికి పొమ్మని ఆ పెద్దవాడు, అంటే ఆమె బావ, చెప్పించాడు. పుట్టిల్లు కార్వేటినగరం. అక్కడ వాళ్ళ నాయన పూలతోట చేసినవాడు. మునెమ్మ నడక నేర్చింది చామంతి మడుల మధ్యనే. ఆమె పోలేదు. పూలు పండించకుండా ఈ నేలను విడవనని బావతోనే చెప్పింది. ఆయన నవ్వాడు. నిజం చెప్పొద్దూ, విని నేనూ నవ్వాను.

అది పందొమ్మిది వందల నలభయ్యో సంవత్సరం. కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున వెనక గుంత దగ్గర నుంచి మునెమ్మ నన్ను పిలిచింది. గరిటె చేత్తో పట్టుకొనే పోయాను. ఆమె గుంత అంచున కూర్చొని, అడుగున ఎప్పటివో పాత ఆకుల కింద చేయి పెట్టి పైకి తీసింది. దోసిలి నిండా నల్లటి మన్ను, ఆ మన్నులో జంతికల పిండి వత్తినట్టు వానపాములు. ఛీ అని వెనక్కి జరిగాను. ఆమె మాత్రం కళ్ళింత చేసుకొని చూస్తూ ఉంది. ఆకు మీద ఆకు, ఏడాదంతా మేము పారేసినదంతా అడుగుకు పోయేసరికి కాఫీపొడి మాదిరి రవరవగా అయిపోయింది.

"మనుషులు తిని లేసినారు. ఇవి ఇంకా తింటానే ఉండాయి," అంది మునెమ్మ. "మన పంక్తి ఇంకా ముగీలేదన్నా."

ఆ సాయంత్రం తడిపిన గోనెపట్టాలో నాలుగు దోసిళ్ళ వానపాములను చుట్టుకొని తన నేలకు తీసుకుపోయింది. మరునాటి నుంచి ఎంగిలాకులు కూడా గంపలకెత్తుకొని తనే మోసుకుపోతానంది. బండి బాడుగ తప్పుతుందని జయరావు ఎందుకు, యాడికి అని కూడా అడగలేదు.

మొదటిసారి అంతా చెడింది. గుంత తవ్వి, అప్పుడే ఎత్తిన ఆకులు అప్పుడే కుమ్మరించి, వాటి మీద వానపాములను వదిలింది. ఆ ఆకుల్లో నా ఊరగాయ ఉంది, పులుసు ఉంది, ఉప్పు ఉంది. మూడో రోజుకు కుప్ప లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టింది. పచ్చి చెత్త కుళ్ళేటప్పుడు ఉడికిపోతుంది మరి. అయిదో రోజు మునెమ్మ వంటశాల గడప దగ్గర వచ్చి కూర్చుంది. అన్నం పెడితే ముట్టలేదు. అన్నీ చచ్చిపోయాయట. తన చేత్తోనే తెచ్చి తన చేత్తోనే చంపానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వానపాములకు మైల పడతావా ఏంది అని నేను కసిరాను. కసిరాను గానీ, ఆ పూట నాకూ అన్నం సయించలేదు.

రెండు రోజుల తర్వాత వచ్చి, ఇకమీదట ఊరగాయ ఆకు మీద ఓ మూలన మాత్రమే వడ్డించమంది. నాకు ఒళ్ళు మండింది. నా ఊరగాయ ఏ మూలన పడాలో నీ పురుగులు చెప్తాయా అన్నాను. ఆమె గంపెత్తుకొని పోయింది. బదులు చెప్పని మనిషితో ఎంతసేపని పోట్లాడతాం? నాలుగో రోజుకు వడ్డన నేనే మార్చుకున్నాను.

ఆ తర్వాత ఆమె పని చూడాలి. ఉప్పూ పులుసూ అంటిన మూల చించి పక్కన పెట్టేది. మిగతా ఆకులను కడిగి పది రోజులు ఎండబెట్టేది. మోదుగాకుల విస్తళ్ళు గదా, ఒక్కోదానికి అయిదారు వెదురు పుల్లలు ఉంటాయి. వాటిని వానపాములు తినవు. కూర్చొని ఒక్కో పుల్లా పీకేది. తాటాకు పందిరి కింద గుంతలో ఒక వరస ఆకు, ఒక వరస పచ్చి పేడ, దాని మీద గుప్పెడు పాత మన్ను, మళ్ళీ ఆకు. వేడి పుట్టి చల్లారాకనే వానపాములను వదిలేది. పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించేది. పిడికిట పట్టి పిసికితే ముద్ద కావాలి, నీళ్ళు కారకూడదు. కోళ్ళు రాకుండా చుట్టూ ముళ్ళకంప. లోపల పార పెట్టేది కాదు, తెగిపోతాయని అంతా చేత్తోనే.

వానపాముకు పళ్ళు లేవని నాకు ఆమే చెప్పింది. మెత్తబడిన ఆకును మన్నుతో కలిపి మింగుతుంది. నేను రోట్లో పచ్చడి నూరినట్టు కడుపులో ఆ మన్నుతోనే నూరుకుంటుంది. వెనక నుంచి వచ్చేది ఆవగింజల్లాంటి ఉండలు. ఆ ఉండల్లోనే చెట్టుకు కావలసిన సత్తువంతా ఉంటుంది. అది దూరిపోయిన దారులన్నీ నేలలో బెజ్జాలై గాలికీ నీటికీ దోవ ఇస్తాయి. ఇదంతా ఆమె ఎక్కడా చదవలేదు. పొద్దస్తమానం ముందర కూర్చొని చూసింది.

యుద్ధం రోజులు. చేలకు ఎరువుగా వేసే చెనక్కాయ పిండి దొరకడం గగనమైంది. పశువులున్నవాళ్ళు గంప పేడ కూడా బయటికి పోనివ్వలేదు. పెద్ద రైతుల చేలే ఎరువు లేక పాలిపోతుంటే, మునెమ్మ గుట్ట మాత్రం గంప గంపకూ నల్లబడుతూ వచ్చింది. మూడో ఏటికి గడ్డపార అక్కర్లేకపోయింది, వేళ్ళే దిగేవి. వాన నీళ్ళు జారిపోకుండా అక్కడికక్కడ ఇంకేవి. మరువం, తులసి, చామంతి. చామంతి పువ్వు అరచేతిలో సగం ఉండేది. పూల రేట్లు పెరిగాయని ఏడుస్తున్న జయరావే, స్వామికి నిత్యం పూలు నువ్వే వెయ్యమని ఆమెను అడిగాడు. స్వామికి పోతున్నాయని తెలిసి ఊళ్ళో దండలు కట్టేవాళ్ళు కూడా ఆమె గంప కోసం ఎదురుచూసేవారు. ఇంత జరిగినా మునెమ్మ ఆకులెత్తే పని మానలేదు. అదే తన తోటకు కూడు అని ఆమెకు తెలుసు. నాతో ఒక్క మాట మాత్రం చెప్పి ఉంచింది, నలుగురి ముందర ఈ సంగతి ఎత్తొద్దని.

నలభై నాలుగో సంవత్సరం ధనుర్మాసంలో నేను ఎత్తాను.

చిత్తూరు నుంచి పెద్ద బలగం దిగింది. పొంగలి బాగా కుదిరింది, అందరూ మెచ్చుకున్నారు, నేను కొంచెం ఉబ్బిపోయాను. పంక్తిలో ఒకాయన, స్వామి మెడలో ఆ చామంతి దండ యాడిది, ఇంత పువ్వు నేనెప్పుడూ చూడలేదన్నాడు. నేను నెయ్యి వడ్డిస్తూ, మా మునెమ్మ తోటదని చెప్పి ఊరుకోవచ్చు గదా? ఊరుకుంటే నేను దొరస్వామిని ఎందుకవుతాను! మీరు ఇప్పుడు తిని లేచే ఈ ఎంగిలాకులే వచ్చే ఏటికి ఆ పూలవుతాయి, అంతటి పనిమంతురాలు మా మునెమ్మ అని గట్టిగా చెప్పాను. ఆమెను పొగడుతున్నాననే అనుకున్నాను. పంక్తంతా చేతులు ఆపింది. గుమ్మంలో నిలబడిన జయరావు మొహం మాడిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

మర్నాడు తెల్లవారుతూనే మునెమ్మ రెండు గంపలు తెచ్చింది. జయరావు గడప దాటనివ్వలేదు. ఎంగిలి పూలు స్వామి మెడలో వేయించి సత్రం పరువు తీశావన్నాడు. ఆకులు ఎత్తే పని చేస్తే చెయ్యి గానీ, ఒక్క ఆకు కూడా నీ తోటకు పోకూడదన్నాడు. బండి మళ్ళీ పిలిపించాడు. ఆ సాయంత్రానికి దండలు కట్టేవాళ్ళు కూడా చేతులెత్తేశారు. స్వామికి పనికిరానిది ఎవరి తలలో పెట్టుకుంటారు? ఆమె వెనకనే 'ఎంగిలి పూలామె' అనడం నా చెవులతో నేను విన్నాను. అయిదో రోజున బావ వచ్చి గట్టు మీద నిలబడి, నేల మాత్రం బాగా చేశావు, ఇప్పుడు నాకిచ్చేయి అన్నాడట.

నాకు నిద్ర పట్టలేదు. ఒక మధ్యాహ్నం వంట ముగించి, అవిలాల దోవన నడిచి ఆ తోటకు మొదటిసారి పోయాను. మునెమ్మ కోసిన చామంతులను గంపెత్తి గుంతలో పోస్తూ ఉంది. నేను తల దించుకొని, తప్పంతా నాదే, నన్ను కొట్టినా పడతానన్నాను.

"కొడితే నాకేమొస్తాదన్నా?" అంది. "నోరు జారింది నీది. కాళ్ళు అరగాల్సింది కూడా నీవే. చిత్తూరుకు పో. పెద్దమ్మను పిల్సుకోని రా."

పెద్దమ్మ అంటే పంకజాక్షమ్మ, సత్రం ధర్మకర్తకు తల్లి. గుడి విషయంలో కొడుకు మాట కన్నా ఆమె మాటే చెల్లుతుంది. కట్టెల మీద కూడా నీళ్ళు చల్లిగానీ పొయ్యిలో పెట్టనివ్వని మడిమనిషి. ఆమె దగ్గరికా అన్నాను. ఆమె కాదంటే ఇక తిరుపతిలో ఎవరూ అవుననరు. మునెమ్మ మాత్రం, ఎంగిలంటే ఏందో బాగా తెలిసినామే వచ్చి చూడాల, తెలియనోళ్ళకు ఏం చూపిస్తానంది.

పాకాల మీదుగా రైల్లో పోయాను. పంకజాక్షమ్మ అరుగు మీద కూర్చొని అంతా విన్నది. ఆకులు ఎన్నాళ్ళు గుంతలో ఉంటాయని ఒక్కటే అడిగింది. ఆరు నెలలన్నాను. శుక్రవారం వస్తానంది.

వచ్చింది. జట్కా దిగి, తడిపి ఆరేసిన మడిచీర కొంగు బొడ్డున దోపుకొని, జయరావు వెంట రాగా, గట్టు మీదుగా నడిచింది. మునెమ్మ దణ్ణం పెట్టి మూడు గుంతలు చూపించింది. మొదటి దానిలో ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. రెండో దానిలో ఈనెలు మాత్రమే మిగిలి, వాటి మధ్య వానపాములు కదులుతున్నాయి. మూడో దానిలో ఉత్త నల్ల మన్ను. అందులోంచి చేటెడు తీసి మునెమ్మ వాళ్ళ ముందర పెట్టింది.

"దీంట్లో ఒక్క ఆకు తునక, ఒక్క మెతుకు సూపించండి," అంది. "సూపిస్తే ఈ తోట నేనే దున్నేస్తాను."

ఎందుకీ పందెం అని లోలోపల తిట్టుకున్నాను. పంకజాక్షమ్మ కదల్లేదు. జయరావు గొంతుక్కూర్చొని, చేట చెరుగుతూ, ఉండలు చిదుపుతూ, చాలాసేపు వెతికాడు. ఆకు లేదు, మెతుకు లేదు. మన్నులోంచి కొత్త వాన వాసన వస్తూ ఉంది. లేవబోయినవాడు చటుక్కున ఆగి రెండు వేళ్ళతో ఏదో పైకి తీశాడు. అంగుళం పొడుగు పుల్ల. విస్తరాకు కుట్టిన వెదురు పుల్ల.

పుల్ల ఆకూ కాదు, మెతుకూ కాదు. మునెమ్మ ఆ మాటంటే చాలు, గెలిచినట్టే. అనమ్మా అని నేను కళ్ళతోనే మొత్తుకున్నాను. ఆమె ఆ పుల్లను చూసి, మన ఆకుదేనని, అన్నీ పీకినా ఒకటి మిగిలిపోయిందని ఒప్పేసుకుంది. జయరావు, విన్నారా, ఆమె నోటితోనే చెప్పింది అన్నాడు. ఈ పిచ్చిది తన నోటి కూడు తనే పారబోసుకుందని ఏడుపొచ్చింది.

మునెమ్మ అతని వైపు చూడనే లేదు. పంకజాక్షమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, సత్రానికి వస్తే మీరు కూసోనేది రెండో పంక్తిలో, స్తంభం పక్కన. మొదటి పంక్తి లేసినాక ఆ తావున ఎంగిలి తీసేది ఎవురు? నేనే. ఒక్క చేయి పేడనీళ్ళు. తడి గూడా ఆరదు, ఈ దొరసామన్న అరస్తానే ఉంటాడు, మీరొచ్చి కూసుంటారు. స్తంభం సందులో మెతుకు మిగిలిందేమో అని ఒక్కనాడన్నా వంగి సూసినారా? లేదు. పేడను నమ్మినారు, తుడిసిన సేతిని నమ్మినారు." తన కుడిచేయి చాపింది. గోళ్ళ నిండా నల్లమన్ను. "ఆడ రెండు నిమిషాలకు ఎంగిలి పోయింది. ఈడ ఆరు నెలలు పేడలోనే ఉండాది ఆ ఆకు. తుడిసింది ఈ సెయ్యే. ఈడ మాత్రం పోలేదంటే, ఆడ గూడా పోలేదు. ఏదో ఒకటి మీరే సెప్పండి."

జయరావు పుల్ల పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. నేను ఇరవై ఏళ్ళుగా ఆ నేల తుడవడం రోజుకు నాలుగుసార్లు చూశాను, నాకు ఒక్కనాడూ ఈ మాట తోచలేదు.

పంకజాక్షమ్మ వంగింది. చేటలో చేయి పెట్టి గుప్పెడు మన్ను తీసింది. పిసికి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. ఒక వానపాము పిల్ల వేలి మీద పాకితే విదిలించకుండా మెల్లగా చేటలోకి దించింది. తర్వాత బొడ్డున దోపిన కొంగు లాగి, ఆ మడిచీర కొంగే, రెండు చేతులా చాపి పట్టుకుంది.

"మా ఇంటి తులసి ఈ యేడు ఎందుకో వాడిపోతా ఉండాది," అంది. "రెండు దోసిళ్ళు పొయ్యి మునెమ్మా."

మునెమ్మ రెండు దోసిళ్ళంటే మూడు పోసింది. పంకజాక్షమ్మ కొంగు మూట కట్టుకొని జయరావు వైపు చూసింది.

"ఆ పుల్ల పారెయ్యొద్దు నాయనా. పంటి సందులు కుట్టుకొనేదానికి పనికొస్తాది. రేపు తెల్లారి స్వామికి ఈ పూలే రావాల, నేనుండి సూస్తాను."

మర్నాడు ఆ రెండు గంపలను గుడిలోకి మోసింది నేనే. బుర్రకథ చెప్పినట్టు పంక్తి పంక్తికీ నిలబడి ఆ చామంతులు ఎలా పూశాయో చెప్పాను. ఈసారి ఎవరూ చేతులు ఆపలేదు. ఒకాయన లేచేటప్పుడు తన ఆకును తనే చక్కగా మడిచి, జాగ్రత్తమ్మా అని మునెమ్మ గంపలో పెట్టాడు. బావ మళ్ళీ ఆ గట్టు ఎక్కలేదు.

నాకు మాత్రం మునెమ్మ శిక్ష వేసింది. ఇకమీదట పుల్లలు పీకే పని నాది. అప్పటి నుంచి రోజూ వంట ముగించి, వెనక అరుగు మీద ఆకుల కుప్ప ముందర కూర్చుంటాను. వేళ్ళకు గుచ్చుకుంటాయి, నడుము పట్టేస్తుంది, విసుక్కుంటాను. ఒక్క పుల్ల కూడా ఆ గుంతలోకి పోనివ్వను. మునెమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకొని నా నెత్తిన నిలబడుతుంది.

"ఇంకా ఎంతసేపన్నా?" అంటుంది. "ఆడ పంక్తి కూసోనుండాది."